పన్నెండో పలక

జూజా తెచ్చిన ఫ్యానుకి ముఖం లేదు.
ముందున్న ఇనుప జాలీ తుప్పుపట్టి రాలిపోయిందట.
నాలుగు ఇత్తడి రెక్కలు
పళ్ళు బయటపెట్టిన కుక్కలా నావైపు చూశాయి.
యుద్ధానికి ముందు
ఓడలరేవు గుమాస్తాల గదిలో తిరిగిన ఫ్యాను.
మూడు కుర్చీలతో కలిపి వేలంలో పాడుకున్నాడు వాళ్ళ నాన్న.
కుర్చీలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి.

"పిల్లి తోక తెగింది," అంది.
"దీనికో పెట్టె చెయ్యి.
తొందరేం లేదు, ష్లొక్ రాకముందు చాలు."

ష్లొక్ అంటే
మా మాల్టా మీదికి దక్షిణంనుంచి వచ్చే గాలి.
ఎడారిలో బయల్దేరి సముద్రంలో మునిగి
పిండని దుప్పటిలా సెంగ్లియా మీద పడుతుంది.
ఆ మూడు రోజులూ ఉప్పు సీసాలోనే కరుగుతుంది,
సొరుగులు తెరుచుకోవు,
మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరు.
గాలి వస్తుంది.
గాలాడదు.

మెట్లవీధిలో పడగొట్టిన ఇంటి బాల్కనీ చెక్క
నా కొట్టు వెనక రెండేళ్ళుగా పడుంది.
మా ఊరి బాల్కనీలు
గోడకి తగిలించిన అల్మారాలు;
పలకల సందుల్లోంచి ఆడవాళ్ళు
వీధి మొత్తాన్నీ సన్నగా తరిగి చూసేవాళ్ళు.
గోకాను.
ఆకుపచ్చ కింద ఎరుపు,
ఎరుపు కింద ఓడల బూడిదరంగు,
రేవులోంచి ఏ మహానుభావుడో చంకనపెట్టుకొచ్చిన డబ్బా అయ్యుండాలి.
దాని కింద దేవదారు.
చిత్రిక పట్టగానే
నూరేళ్ళ చెక్క నిన్న కొట్టినట్టు వాసనేసింది.

మేకులు వాడలేదు.
కుసి, బెజ్జం, కొంచెం జిగురు, బోలెడు తిట్లు.
రెక్క కొసకీ చెక్కకీ మధ్య వేలెడు సందు.
మోటారు వేడి పోవడానికి వెనక గుండ్రటి కిటికీ.
గుడ్డచుట్టిన పాత తీగలు ముట్టుకుంటే పొడైపోయాయి,
కొత్తవి వేశాను.
కాళ్ళ కింద సీసా బిరడాలు కోసి పెట్టాను,
అదిరే ప్రతిచోటా తోలుముక్క.
ముందువైపు ఏటవాలుగా పన్నెండు పలకలు,
పిల్లి తోక దూరనంత దగ్గరగా.

మీట నొక్కాను.
చప్పుడు లేదు.
ఎదురుగా వేలాడే క్యాలెండరు కాగితం లేచింది గానీ
నా చెవికి ఏమీ తెలీలేదు.
ఆ రాత్రి గర్వంగా ఇంకో గ్లాసు వైను తాగాను.

నాలుగో రోజు పెట్టె చంకనెత్తుకుని మళ్ళీ జూజా.
"మూగదాన్ని చేశావు."

అప్పుడు చెప్పింది.
లేసు అల్లుతుందట, దిండు మీద నలభై కండెలతో.
మెలి, దాటు, సూది. మెలి, దాటు, సూది.
చిన్నప్పట్నుంచీ లెక్క తను పెట్టలేదు.
ఫ్యానే పెట్టింది:
చుట్టుకోసారి టక్కుమని,
వదులైన జాలీ మీద.
"నీ పెట్టెలో గాలి బాగుంది.
నా చేతులకే దారి తెలీడం లేదు."

నేను ముప్పై ఏళ్ళుగా
కిర్రుమనేవీ టకటకలాడేవీ నోరు మూయించి బతికినవాణ్ణి.
చప్పుడు చెయ్యడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.
తోలు తీశాను, గరగర వచ్చింది.
"ఇది కాదు."
బిరడా తీశాను, గుర్రుమంది.
"ఇది మా నాన్న."
చివరికి పన్నెండో పలకని వదులు చేసి
వెనక సన్నటి వెదురుపుల్ల అతికించి
ఒక్క రెక్క కొస మాత్రం తగిలేలా
ఉలితో వెంట్రుకవాసి చెక్కుతూ పోయాను.
టక్.
ఆమె చేతులు ఒళ్ళో కదిలాయి,
ముఖం కంటే ముందు.

డబ్బు సగమే ఇచ్చింది.
మిగతా సగానికి జానెడు లేసుముక్క.
గోధుమగింజల్లాంటి ఆకులు వరసగా,
మధ్యలో ఒకచోట మాత్రం
ఆకు ఆకులో చిక్కుకుని ఉండలా.
"అది నీ మూడు రోజులు," అంది, "విప్పలేదు."

మీకు చూపిద్దామనే అనుకున్నాను.
ఈ కిందిసొరుగులోనే ఉంది.
పొద్దుట్నుంచీ లాగుతున్నాను, రావడం లేదు.
ష్లొక్.